తుడవని గడప

4వ రోజు. తేమ 71 శాతం.

నువ్వు మొన్న అన్నది తప్పు, కృత్తికా. “నువ్వు వట్టి గోడవి అమ్మమ్మా. గోడ మీద ఎవరో ఏదో రాసిపోతే గోడని బోనెక్కిస్తారా?” అన్నావు. న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతున్నదానివి, పరీక్షలో కూడా ఇలాగే రాసి మా వంతెన పరువు తీయకు. గోడకి కళ్ళుండవు. గోడ పక్కన బకెట్టు ఉండదు, బకెట్టులో నీళ్ళు ఉండవు, చేతిలో గుడ్డ ఉండదు. నాకివన్నీ ఉన్నాయి.

గడప మీద చెబితే అరవై ఒక్క ఇళ్ళు వింటాయి కనక ఇది కాగితం మీద రాస్తున్నాను. రోజుల లెక్క కెజియా అనే అమ్మాయి ఇక్కడ పడవ దిగిన పొద్దునుంచి. తేమ ఎందుకంటావేమో. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని, కొలత లేకుండా ఏదీ రాయడం చేతకాదు. పైగా మాటల్ని ఇంటింటికీ మోసే ఈ గడప పలకలు గాలిలో తేమ తాగి బతికేవి. గాలి ఎంత తడిస్తే వాటికి అంత జ్ఞాపకం.

ఈ పొద్దున సైరన్‌కి ముందే లేచాను. పిట్టగోడ మీంచి తాడు వదిలి సముద్రంలోంచి ఒక బకెట్టు చేదుకున్నాను. మీ కాలేజీలో నా అడ్రసు ‘ఏడో వంతెన, పిల్లర్ 112’ అని రాస్తే నవ్వారన్నావు కదా. మా అమ్మమ్మ కాలంలో జనం ఈ ఫ్లైఓవర్ కింద ఉండి పిల్లర్ నంబరు చెప్పుకునేవారు. మేం పైన ఉండి చెప్పుకుంటున్నాం. నంబర్లు మారలేదు, నేలే మారింది.

గడప మీద నాలుగు మాటలున్నాయి. పిల్లర్ 98 వాళ్ళ మేక తప్పిపోయింది. పిల్లర్ 120 వాళ్ళ దగ్గర మునగాకు మిగిలింది, కావలసినవాళ్ళు రావచ్చు. మూడోది మా పక్కింటి సభాపెద్ద బుల్లబ్బాయి పొట్ట మీద పద్యం, రాసినవాడి పేరు లేదు. మేకనీ మునగాకునీ ఉంచాను. పద్యాన్ని రెండుసార్లు చదివి, రెండో పాదంలో యతి తప్పిందని గమనించి, తుడిచేశాను. సైరన్ మోగాక గడప మీద ఏది మిగిలితే అది ఆ ఇంటిది. అక్కణ్ణించి పక్కింటి గడపకి పోతుంది. బుల్లబ్బాయి పొట్టకి నేను పూచీ పడలేను.

నాలుగోది ఎంత రుద్దినా పోలేదు.

‘మందు ఉంది. సువార్తమ్మ తనవాళ్ళకి దాచుకుంది.’

పంతొమ్మిదేళ్ళనాటి మాట. జ్వరాల ఏడు, మందుల గది సువార్తమ్మ చూస్తున్నప్పుడు, ఎవరో రాశారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు, చట్టానికి అది అంత ముఖ్యం కూడా కాదు. తుడవకుండా నిలబెట్టిన ఇల్లు ఏదో, ఆ ఇల్లు ‘నాదే’ అని ఒప్పుకుంటే మాటని అన్ని పలకల్లోంచీ తీసేస్తారు. ఏ ఇల్లూ ఒప్పుకోలేదు. అలాంటి మాట పలకల అడుగున పడి ఉంటుంది. ఇన్నేళ్ళూ శ్రావణంలో ఓ వారం చెమట మరకలా తేలి మునిగిపోయేది. ఈసారి వానలకి ముందే తేలింది. మందుల గది రిజిస్టరులో కొత్త కాంపౌండరు పేరు ఎక్కింది మరి. ‘కెజియా, తల్లి సువార్తమ్మ.’ పలకలకి ఆ పేరు చాలు.

9వ రోజు. తేమ 82 శాతం.

మాట గొంతు తెచ్చుకుంది. చూపు లేనివాళ్ళ కోసం పలకలు చదివి వినిపించే ఏర్పాటు ఉందిగా. ఆ ఇంటివాళ్ళ గొంతు తామే పుట్టించి చదువుతాయి, ఆ మాట గడప ఎక్కిన నాటి గొంతుతో. కనక సైరన్‌కి ముందు పిల్లర్ 112 దగ్గర నేను మొదలుపెడతాను. ఈ నేను కాదు, యాభై తొమ్మిదేళ్ళ నేను. పళ్ళన్నీ ఉన్న గొంతు. తర్వాత 113లో బుల్లబ్బాయి. 114లో అనసూయమ్మ, ఆవిడ పోయి ఆరేళ్ళయింది. అలా ఇంటింటికీ దాటుకుంటూ మంచులో వంతెన చివరిదాకా పోతుంది. నిన్న కూర్చుని లెక్కపెట్టాను. అరవై ఒక్క గొంతుల్లో పద్దెనిమిది ఇప్పుడు లేనివాళ్ళవి. వాళ్ళ మనవలు దుప్పట్లు కప్పుకుని, పోయిన పెద్దవాళ్ళ నోట ఆ ఒక్క మాటే వింటున్నారు.

ముందు మా ఇంట్లోనే ఎందుకు మొదలవుతుందని నువ్వు అడగలేదు. అడగకపోవడం నీ మంచితనం.

బీపీ చూపించుకోడానికి మందుల గదికి వెళ్ళాను. బయట బెంచీ మీద బుల్లబ్బాయి, పక్కన ఐదారుగురు. ఎవరూ లోపలికి వెళ్ళరు, ఇంటికీ వెళ్ళరు.

“ఏవండీ బుల్లబ్బాయిగారూ, మందుకొచ్చారా, బెంచీకొచ్చారా?”

“అబ్బెబ్బే, గాలికండి మాస్టారమ్మగారూ. పిల్ల మంచిదేనండి, మన్నేం అనదండి. కాకపోతే పొద్దున్నే గడప అలా అరుస్తా ఉంటే, ఆ చేత్తో ఇచ్చిన మాత్ర గొంతు దిగదండి. ఏం చేత్తాం చెప్పండి.”

“ఆ అరుపు మీ గొంతేగా.”

“మీ గొంతు తరవాతే కదండీ నాది.”

మా బుల్లబ్బాయి పొడిచినా ‘అండి’ చేర్చి పొడుస్తాడు.

లోపల కెజియా ఒక్కతే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, తల్లిలాగే వెడల్పాటి నుదురు. చేతికి పట్టీ చుట్టి, “నూట అరవై ఉందండి. ఉప్పు తగ్గించాలి” అంది.

“సముద్రం మీద కూర్చోబెట్టి ఉప్పు తగ్గించమంటే ఎలాగమ్మా?”

నవ్వలేదు. కాగితం మీద రాసుకుంటూ, “సభవాళ్ళు నెల రోజులు చూస్తామన్నారండి. జనం రాకపోతే గదికి తాళం వేసి నన్ను పంపేస్తారట. జ్వరాలు మొదలయ్యేది కూడా అప్పుడేనండి” అంది.

“ఒడ్డు మీద ఉద్యోగాలు లేవా తల్లీ? ఇక్కడికే ఎందుకొచ్చావు?”

“ఉన్నాయండి. ఆ మాట అక్కడ లేదు కదండీ. ఇక్కడే ఉంది. తీయించడానికి వచ్చాను.”

14వ రోజు. తేమ 88 శాతం.

కెజియా అర్జీ పెట్టింది. గడప మాటల తగువులు తేల్చే ప్రచురణల రిజిస్ట్రారు పద్దెనిమిదో రోజున వస్తోంది, మొదట మోగే గడప దగ్గరే విచారణ. అంటే మా ఇంటి ముందు.

బుల్లబ్బాయి అప్పటి కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. చదవకుండా మోసినవాళ్ళకి తప్పు లేదని చట్టంలో ఒక మాట ఉంది. అందువల్ల, నూటికి నూరుమందీ చదువుకున్న ఈ వంతెన మీద, ఆ ఒక్క పొద్దున అరవై ఒక్క ఇళ్ళవాళ్ళకీ అక్షరం ముక్క రాలేదు. ‘మేము చదవలేదు’ అని వరసగా సంతకాలు. అన్నిటికన్నా పైన నాది. ఎం.యస్సీ. అని కూడా రాసుకున్నాను.

అప్పుడు నెల తిరక్కుండానే ఒడ్డునుంచి ఉత్తరం వచ్చింది. ఆ నెల మందుల పడవ అసలు బయల్దేరనే లేదట. గదిలో మందే లేదు, ఇక దాచుకునేదేముంది. ఉత్తరం సభలో చదివారు. అందరం తలలూపాం. అప్పటికే సువార్తమ్మ తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఆరేళ్ళకి ఒడ్డు మీద పోయిందని విన్నాం.

“మీకేం భయం లేదండి,” అన్నాడు బుల్లబ్బాయి. “ఆ పొద్దున మా మాస్టార్ని పడవెక్కించారు కదండీ. మడిసి పయానమై వెళ్తే ఎనకాలే గడప కడుగుతామాండీ? ఎవరూ కడగరు. ఆచారం వల్ల తుడవకపోతే లెక్కలోకి రాదని చట్టంలోనే ఉందండి. అంతే చెప్పండి. మీరూ క్షేమం, మీ ఎనకాల మేమూ క్షేమం.”

అబద్ధం కాదు. ఆ పొద్దున జ్వరం ఆరో రోజున మీ తాతయ్యని ఒడ్డు ఆసుపత్రికి పడవలో పంపాం. గ్రహణం రోజు అన్నం తింటూ క్లాసు చెప్పినదాన్ని. అయినా ఆ పొద్దున గడప మీద తడి గుడ్డ పెట్టలేకపోయాను. ఆయన వెళ్ళిన అడుగుల మీద నీళ్ళు పోయడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం పలక మీద నువ్వూ అదే అన్నావు. మన మాటలు పక్కింటికి పోకుండా రాత్రే తుడిచేశాననుకో.

“ఆచారం అని చెప్పు చాలు అమ్మమ్మా. కేసు కొట్టేస్తారు.”

“కొట్టేస్తే ఆ మాట ఎవరిదవుతుంది?”

“ఎవరిదీ కాదు.”

“ఆ అమ్మాయి గొడవ అదే కదే.”

“ఒప్పుకుంటే పలక పీకేస్తారు. బతికున్నన్నాళ్ళూ నీ గడపకి ఒక్క మాట రాదు, ఒక్క మాట పోదు. రేపు బాత్రూంలో జారిపడితే నాకెవరు చెబుతారు?”

“అరుస్తాను. నా నోటి సంగతి నీకు తెలుసుగా.”

నువ్వు నవ్వలేదు. నేనూ నవ్వలేదు, కాకపోతే నా మొహం నీకు కనపడలేదు.

17వ రోజు. తేమ 94 శాతం.

మంచు ఎంత చిక్కగా ఉందంటే పిట్టగోడ ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. గుడ్డ పట్టుకుని తలుపు తీసేసరికి గడపకి అవతల కెజియా నిలబడి ఉంది. నేను మాట్లాడేలోపు కింద పలక మాట్లాడింది. ‘మందు ఉంది. సువార్తమ్మ తనవాళ్ళకి దాచుకుంది.’ క్లాసులో వెనక బెంచీకి వినపడేలా, ఒత్తులు సరిగ్గా పలుకుతూ. నా పాఠం నాకే అప్పజెబుతున్నట్టుంది.

ఆ పిల్ల చివరిదాకా విని, “మీ గొంతేనా అండి?” అంది.

“పలక పుట్టించింది. నేనెప్పుడూ పైకి చదవలేదమ్మా.”

“లోపల?”

పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. స్టవ్ మీద పాలు లేవు. స్టవ్ వెలిగించనేలేదు. ఎదురుగా నిలబడి, ఆ గొంతు 113కీ 114కీ పోయి, అనసూయమ్మ గొంతులో ఒణికి, అవతలికి వెళ్ళిపోయేదాకా విన్నాను. మళ్ళీ తలుపు తీసేసరికి ఆ పిల్ల లేదు. మంచులో చెప్పుల చప్పుడు మాత్రం వంతెన చివరకి పోతోంది. పోయిన గొంతులన్నీ ముందు నడుస్తుంటే వెనక నడుస్తున్నట్టు.

18వ రోజు. తేమ 97 శాతం.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చేతిరాత బాగుండకపోతే సర్దుకో.

రిజిస్ట్రారు రబ్బరు బూట్లతో దిగింది, యాభై ఏళ్ళ మనిషి, పెద్దగా మాటల్లేవు. మా గడప ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. వంతెన జనమంతా రోడ్డు మీద నిలబడ్డారు. ఇంత తేమకి మాట ఒకసారితో ఆగడం మానేసింది. వంతెన చివరకి పోయి, మళ్ళీ మా ఇంటికి వచ్చి మొదలవుతోంది. మధ్యలో దొరికిన ఖాళీల్లో విచారణ జరిగింది.

“ఆ పొద్దున దీన్ని చదివారా?”

“చదివాను. మూడుసార్లు.”

జనంలో గుసగుస. బుల్లబ్బాయి దగ్గాడు.

“తుడిచే వీలు లేకపోయిందా?”

“ఆచారమండి!” అని బుల్లబ్బాయి అందించాడు. “చెప్పండి మాస్టారమ్మగారూ, పయానం కదండీ ఆరోజు.”

“ప్రయాణమే,” అన్నాను. “బయల్దేరిన మనిషి కనుమరుగయ్యేదాకా గడప తడపరు. ఆ తర్వాత తడపొచ్చు. మా అమ్మా అంతే చేసేది, బుల్లబ్బాయిగారి అమ్మా అంతే చేసేది. మా ఆయన పడవ లైట్‌హౌస్ మలుపు తిరగడం ఈ పిట్టగోడ దగ్గర నిలబడి చూశాను. అప్పటికి సైరన్‌కి ఇంకా ఇరవై నిమిషాలుంది. బకెట్టు నిండా నీళ్ళున్నాయి. వచ్చి గుడ్డ కూడా తడిపాను.”

“మరి ఎందుకు ఉంచారు?”

ఈ ప్రశ్నకి పంతొమ్మిదేళ్ళుగా నా దగ్గర ఐదారు జవాబులు తయారుగా ఉన్నాయి. అన్నీ మర్యాదైనవే. వాటిని పక్కన పెట్టాను.

“నాకప్పుడు ఒక మనిషి కావలసి వచ్చింది. జ్వరాన్ని తిట్టి ఏం లాభం, దానికి చెవులుండవు. గడప మీద ఒక పేరు కనబడింది. నిజమా కాదా అని నేను ఆలోచించలేదు. ఉండనీ అనుకున్నాను. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను.”

రిజిస్ట్రారు రాసుకుంటోంది. కెజియా జనంలోంచి ఒక అడుగు ముందుకి వచ్చింది. “ఒక్కటి అడగొచ్చా అండి?” అని రిజిస్ట్రారుని అడిగి, నా వైపు తిరిగింది.

“ఆ పడవలో సెలైన్ సీసా ఎవరు పట్టుకున్నారండి?”

ఇది ఎవరూ అడగరని ఇన్నేళ్ళూ ధైర్యంగా ఉన్నాను.

“మీ అమ్మ,” అన్నాను. “పడవ మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తి పట్టుకుంది. మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు. నేను గడప తడపకుండా క్షేమం కోరుకున్న పడవలో ఆవిడా ఉంది. అది తెలిసే ఉంచాను.”

ఇంకా చెప్పాలి కనక చెప్పాను. దారిలోనే ఆయన పోయారు. సాయంత్రం ఆయన్ని వెనక్కి తీసుకొచ్చింది కూడా ఆవిడే. అప్పటికి మాట అరవై ఒక్క గడపలూ ఎక్కింది. స్ట్రెచర్ కాళ్ళవైపు పట్టుకుని మా ఇంట్లోకి వస్తూ, గడప దాటేటప్పుడు కిందికి చూసింది. చదివింది. తల ఎత్తి, “ఎక్కడ దించమంటారండి?” అని మాత్రం అడిగింది.

రిజిస్ట్రారు కాగితం నా ముందు పెట్టింది. సంతకం చేశాను. ఎం.యస్సీ. రాయలేదు.

ఉలితో పలక ఊడదీశారు. ఊడిన క్షణాన 113లో బుల్లబ్బాయి పాత గొంతు ‘మందు’ అని అక్కడే ఆగిపోయింది. 114లో అనసూయమ్మ నోరు విప్పనేలేదు. అలా ఒక్కో ఇల్లూ ఊరుకుంటూ పోవడం చెవులతో చూశాం. చివరికి కింద అలల చప్పుడు మిగిలింది. ఇన్ని రోజులుగా అది వినపడటం లేదని అప్పుడు తెలిసింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. బుల్లబ్బాయి మాత్రం ఆగి, “మమ్మల్నందర్నీ దొంగల్ని చేసేశారండి మీరు” అన్నాడు.

“లేదండి. సంతకాల వరసలో నాది పైన ఉంది, అందుకని ముందు నిలబడ్డాను. వెనకాల చోటు చాలా ఉంది.”

వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మందుల గది మీదుగా వస్తుంటే కనిపించాడు. బెంచీ మీద లేడు. లోపల కెజియా ఎదురుగా నాలుక చాపుకుని కూర్చున్నాడు.

25వ రోజు. తేమ తెలీదు. కొలిచే ముల్లు కూడా పలకతోపాటే పోయింది.

గడపలో పలక ఉన్నచోట పలకంత గుంట ఉంది. మేక దొరికిందో లేదో తెలీదు. పద్యం రెండో పాదం దిద్దారో లేదో తెలీదు. నువ్వు పరీక్ష రాశావో లేదో శుక్రవారం పడవ వస్తేగానీ తెలీదు. జ్వరాలు మొదలయ్యాయి. గదికి తాళం వేయలేదు, పొద్దున్నే జనం బారు తీరుతున్నారు. ఈ రెండూ రోడ్డు మీద పోయేవాళ్ళ మాటల్ని బట్టి తెలుసుకున్నాను.

సైరన్‌కి సరిగ్గా ఇరవై నిమిషాల ముందు ఇప్పటికీ మెలకువ వస్తుంది. బయట ఏ గొంతూ ఉండదు. నేనే లోపల చదువుతున్నానేమోనని చూసుకుంటాను. చదువుతున్నాను. ఇది తీయడానికి ఏ రిజిస్ట్రారూ రాదు, రావాలని కూడా లేదు.

మంగళవారం పొద్దున తలుపు తీస్తే కెజియా బీపీ పెట్టె పట్టుకుని గడప అవతల నిలబడి ఉంది. పలక పోయింది కదా, ఎవరైనా వచ్చారని చెప్పే దిక్కు లేదు. ఎంతసేపటి నుంచి నిలబడిందో, జుట్టంతా మంచు పట్టి ఉంది.

“పిలవచ్చుగా అమ్మా.”

“ఏమని పిలవనండి?” అంది.

పిన్నిగారనీ అనదు, మామ్మగారనీ అనదు. అడిగే హక్కు నాకు లేదు. లోపలికి వచ్చి పట్టీ చుట్టింది, “నూట నలభై” అంది, మాత్రలు బల్ల మీద పెట్టి వెళ్ళింది. వెళ్తూ, “వచ్చే మంగళవారం వస్తానండి” అంది.

కాబట్టి నువ్వొక పని చెయ్యి. ఈ పుస్తకం అందిన రోజే రేవు దగ్గర పడవ సామాన్ల కొట్టుకి వెళ్ళి ఒక ఇత్తడి గంట కొను. పాటలు పాడేది వద్దు, తాడు లాగితే మోగేది కావాలి. పిడికెడంత ఉంటే చాలు, నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. కొట్టులో ఒకసారి మోగించి చూసుకుని మరీ తీసుకో. తాడు నైలాన్‌ది అడుగు, నూలుది ఇక్కడి ఉప్పుగాలికి నెలలో కుళ్ళిపోతుంది. మరలు కొట్టువాడు రెండే ఇస్తాడు, నాలుగు అడుగు, తుప్పు పట్టనివి. గంట నాలుక మోగకుండా గుడ్డ చుట్టి, సోమవారం పడవలో పంపు. మంగళవారానికి బిగించేయాలి.